బెల్లం చెప్పింది... నేనే వినలేదు!

కుక్కను పెంచుకునే ఇళ్ళలో నలుగురికీ చెప్పుకోలేని బాధ ఒకటుంటుంది. కుక్క కరిచిందంటే చెప్పుకుంటాం. అన్నం ముట్టడం లేదంటే చెప్పుకుంటాం. ఇంట్లో మూత్రం పోస్తోందని మాత్రం ఎవరికీ చెప్పం. చుట్టాలొస్తున్నారంటే కిటికీలన్నీ బార్లా తెరిచి, నాలుగు అగరొత్తులు ఎక్కువ వెలిగించి, "ఏం వాసన రావట్లేదు కదా?" అని పిల్లల్ని పదిసార్లు అడుగుతాం. తొమ్మిదేళ్ళుగా నాదీ ఇదే సంసారం.

మా కుక్క పేరు బెల్లం. ఒంటి రంగు అచ్చంగా పాత బెల్లం రంగు. జాతికుక్కేం కాదు, మామూలు ఊరకుక్క. "పేరు బెల్లం, చేసే పనులన్నీ చేదు" అంటుంటారు మా అత్తమ్మ. వనపర్తిలో మొదలై, నాగర్‌కర్నూల్‌లోని మా పుట్టింటి మీదుగా గద్వాలలోని అత్తగారింటికి చేరిన బెల్లం, ఈ మూడు ఊళ్ళలోనూ ఇంట్లో తడి చేసింది. మూడుసార్లూ కారణం వేరు. మొదటి రెండూ నవ్వుకోవడానికి పనికొచ్చే కథలు. మూడోది మాత్రం కాదు. అప్పుడు నేను చేసిన తప్పు దాని ప్రాణం మీదికొచ్చింది. అలాంటి తప్పు ఇంకొకరు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

వనపర్తి: కాగితం కనబడితే చాలు!

2016 అక్టోబరులో పాలమూరు జిల్లా విడిపోయి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగుళాంబ గద్వాల కొత్త జిల్లాలయ్యాయి. మా వారికి వనపర్తి బదిలీ అయ్యింది. మేడ మీద రెండు గదుల వాటాలో కాపురం పెట్టాం. ఆ చలికాలంలోనే మా అబ్బాయి స్కూలు నుంచి వస్తూ వస్తూ, మోరీ పక్కన వణుకుతున్న కుక్కపిల్లను చొక్కాలో పెట్టుకొచ్చాడు. దానికి రెండు నెలలుంటాయేమో.

మేడ దిగాలంటే ఇరవై రెండు మెట్లు. దాన్ని ఎత్తుకుని దిగేలోపే నా కొంగు తడిసిపోయేది. ఇది పొగరు కాదని, చిన్న పిల్లలకు మూత్రం ఆపుకునే శక్తే ఉండదని తర్వాత తెలిసింది. కుక్కపిల్లకు ఎన్ని నెలలుంటే అన్ని గంటలు, దానిపైన ఇంకో గంట... పగటిపూట అంతకు మించి ఆపుకోలేదన్నది ఓ ఉజ్జాయింపు లెక్క. అంటే రెండు నెలల పిల్ల మహా అయితే మూడు గంటలు. అదీ నిద్రలేచినా, తిన్నా, ఆడుకున్నా వెంటనే పోయాల్సిందే. మన చంటిపిల్లలు మాత్రం పక్క తడపరూ!

సరే, వరండాలో పాత పేపర్లు పరిచాను. వారంలో నేర్చుకుంది. అయితే అది నేర్చుకున్నది "వరండాలో పోయాలి" అని కాదు, "కాగితం మీద పోయాలి" అని. ఇక కాగితం కనబడితే చాలు! మా వారు కింద పరుచుకుని చదువుతున్న పేపరు, అబ్బాయి లెక్కల నోటుబుక్కు అన్నీ అయిపోయాయి. ఓ రోజు నేను పత్రికకు పంపుదామని రాసుకున్న కథ, నంబర్ల ప్రకారం సర్దుదామని కాగితాలు కింద పరిస్తే సరిగ్గా మూడో పేజీ మీద కూర్చుంది. "నీ కథలకు తొలి విమర్శకురాలు ఇదే" అని మా వారు ఇప్పటికీ ఏడిపిస్తుంటారు.

పేపరును రోజుకో జానెడు చొప్పున తలుపు వైపు జరిపాను. తర్వాత ఆ పేపరునే డాబా మీద, మట్టి పోసిన పాత టబ్బులో పెట్టాను. చివరికి పేపరు తీసేశాను. పని కాగానే, అక్కడికక్కడే, వేయించిన ఉప్పులేని పల్లీ గింజ ఒకటి చేతిలోంచి పెట్టేదాన్ని. వనపర్తిలో పల్లీలకేం కొదవ! లోపలికొచ్చాక పెడితే మాత్రం లాభం లేదు. ఆ గింజ దేనికి ఇచ్చామో దానికి అర్థం కాదు. రెండు నెలలు పట్టింది గానీ, ఆ తర్వాత బెల్లం ఇంట్లో ఒక్క చుక్క పోయలేదు.

నాగర్‌కర్నూల్: నాయన గొంతు వింటే...

దసరాకు పుట్టింటికి తీసుకెళ్ళాం. మా నాయనది పెద్ద గొంతు. మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినిపిస్తుంది. గడపలోనే నిలబడి "ఏందే, ఇదేనా మీ కుక్క?" అని తల మీద చెయ్యి పెట్టబోయాడు. అంతే, బెల్లం చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి, ఆయన కాళ్ళ దగ్గరే బంకమట్టి ముద్దలా కూలబడి పోసేసింది. మూడు రోజులూ అదే తంతు.

"నేనేమన్న పులినా? నన్ను జూస్తే ఉచ్చ పోస్తది!" అని నాయనకు రోషం. అమ్మకు నవ్వు.

ఇది అలవాటు లోపం కాదు. "నువ్వు పెద్దవాడివి, నన్నేమీ అనకు" అని కుక్క తన భాషలో చెప్పుకునే పద్ధతి. భయపడే కుక్కల్లో, పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. దీనికి కోప్పడితే ఇంకా ఎక్కువవుతుంది తప్ప తగ్గదు. మనం కోప్పడేకొద్దీ అది ఇంకా బతిమాలుతుంది మరి! కొన్ని పిల్లలు సంతోషం పట్టలేక కూడా ఇలాగే పోస్తాయి.

మందు నాయనే కనిపెట్టాడు. నాలుగోరోజు పొద్దున వాకిట్లో మంచం మీద పక్కకు తిరిగి కూర్చుని, దాని వైపు చూడకుండా, మాట్లాడకుండా చెయ్యి కిందికి వేలాడేశాడు. కాసేపటికి అదే వచ్చి వాసన చూసింది. ఆయన తల మీద కాకుండా గదవ కింద గోకాడు. చుక్క పడలేదు! ఇంటికొచ్చేవాళ్ళందరికీ నేను ఇప్పుడు చెప్పే మాట ఇదే. మీదికి వంగకండి, కళ్ళలోకి చూడకండి, కాసేపు దాన్ని పట్టించుకోకండి.

ఆ ఊళ్ళో గొర్లమందల వెంట తిరిగే కుక్కలకు ఈ గొడవే లేదు. "వాటికెవరు నేర్పిండ్రు నాయనా?" అని అడిగాను. "కుక్కకు వాకిలి తెలుసు బిడ్డా. వాకిలి లేని ఇల్లు కట్టుకున్నది మనమే" అన్నాడు. ఆ మాట నిజం. గచ్చు ఇంట్లో, మేడ మీద పెంచుతూ, దానికి వేళకు తలుపు తీయకపోతే తప్పెవరిది?

గద్వాల: నేను చేసిన తప్పు

2019లో గద్వాల వచ్చేశాం. అత్తమ్మకు వయసు మీద పడుతోంది, ఒక్కరే ఉండలేకపోతున్నారు. ఇల్లు పాతది. కింద షాబాద్ బండలు, హాలు చివర దేవుడి గది, వెనక వేపచెట్టు ఉన్న పెరడు. బెల్లం రెండు రోజుల్లోనే పెరటి దారి తెలుసుకుంది. మడి, ఆచారం ఉన్న అత్తమ్మ కూడా "కుక్కయినా శుభ్రం తెలిసిన కుక్క" అనేవారు.

2022 మార్చిలో ఒక రాత్రి హాల్లో మడుగు కట్టింది. మర్నాడు మళ్ళీ. మూడోరోజు దేవుడి గది గడప ముందే. "కోడలా, దేవునర్ర కాడ గిట్ల జేస్తే దీపమెట్ల పెట్టాలె? నీకు దాని మీద ప్రేమైతే బయట కట్టెయ్యి" అన్నారు అత్తమ్మ. ఆమె తప్పేం లేదు. నాకూ విసుగొచ్చింది.

ఆ పై రోజు మా ఆడపడుచు కూతురి పెళ్ళికని తెప్పించిన గద్వాల చీర బల్ల మీంచి జారి కింద పడి ఉంది. దాని మీద పోసింది. నా చేతిలో ఉన్న పేపరు చుట్ట చుట్టి నాలుగు దెబ్బలు కొట్టాను. దాని మూతి ఆ తడి దగ్గర పెట్టి "ఇదేంటి? ఇదేంటి?" అని అరిచాను. పెరట్లో కట్టేశాను. అంతటితో ఆగానా? "నీళ్ళు తాగితేనే కదా పోసేది" అని సాయంత్రం నుంచి నీళ్ళ గిన్నె తీసేశాను.

మూడు రాత్రులు అలా గడిచాయి. రాసుకుంటుంటే ఇప్పటికీ చెయ్యి ఆగిపోతోంది.

మా పక్కింట్లో గుంట మగ్గం మీద చీరలు నేసే వదిన ఉంది. ఆ చీర అంచు చూపిద్దామని పిలిస్తే పెరటి దారిన వచ్చింది. చీర సంగతి తర్వాత, బెల్లంను చూసి ఆగిపోయింది. గొలుసు సాగినంత దూరం సాగి, బోళ్ళు తోమిన సబ్బు నీళ్ళు నాకుతోంది.

"వదినా, దీనికి దూప శానా ఉన్నట్టుంది. కుక్క కొవ్వెక్కి గిట్ల జెయ్యదు. ఒంట్ల బాగలేదేమో జూపియ్యి" అంది.

ఇంట్లో అంతమంది ఉండి, డిగ్రీ చదివి, కథలు రాసే నాకు తట్టనిది ఆమెకు ఒక్క చూపులో తట్టింది.

"ఎద ఎప్పుడొచ్చింది?"

పశువుల డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న అది. జనవరిలో అన్నాను. అంటే రెండు నెలలు. పొట్ట నొక్కి చూసి, జ్వరం చూసి, "గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు. స్కానింగ్ చేయించాలి, ఆలస్యం చేయకండి, హైదరాబాద్ తీసుకెళ్ళండి" అన్నారు.

దీన్ని పయోమెట్రా అంటారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో, అందులోనూ నడివయసు దాటిన వాటిలో వస్తుంది. ఎద అయిపోయిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో ఎక్కువ. హార్మోన్ల వల్ల గర్భసంచి లోపలి పొర మందమవుతుంది, సూక్ష్మజీవులు చేరి చీము పడుతుంది. ఆ విషం కిడ్నీల మీద పనిచేసి, మూత్రాన్ని చిక్కబరిచే శక్తిని దెబ్బతీస్తుంది. అందుకే నీళ్ళు నీళ్ళుగా మూత్రం పోతూనే ఉంటుంది. పోయినదానికి సరిపడా కుక్క నీళ్ళు తాగుతూనే ఉంటుంది. అంటే నీళ్ళు తాగడం వల్ల పోయడం కాదు, పోతోంది కాబట్టే తాగడం. నేను సరిగ్గా తలకిందులుగా అర్థం చేసుకుని, ఆ నీళ్ళే ఆపేశాను!

కొన్నిటికి చీము బయటికి కారుతుంది, కనిపెట్టొచ్చు. గర్భసంచి ముఖద్వారం మూసుకుపోతే ఏదీ కనబడదు. అది ఇంకా ప్రమాదం. సంచి లోపలే పగిలిందంటే ప్రాణం దక్కడం కష్టం. బెల్లంది ఆ రెండో రకమే. ఇది ఎక్కడో ఒక కుక్కకు వచ్చే వింత జబ్బు అనుకోకండి. స్వీడన్‌లో మనలాగే చాలామంది కుక్కలకు పిల్లల ఆపరేషన్ చేయించరు. అక్కడి బీమా లెక్కల ప్రకారం పదేళ్ళు నిండేలోపు సుమారు ఐదు ఆడకుక్కల్లో ఒకదానికి ఈ జబ్బు వస్తోంది.

తెల్లవారుజామున కారు మాట్లాడుకుని బయల్దేరాం. ఎర్రవల్లి చౌరస్తా దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన ఎక్కేటప్పుడు బెల్లం నా ఒళ్ళో తల పెట్టుకుంది. అప్పుడే నా చీర తడిసింది. మా అమ్మాయి భయంగా నా ముఖం వంక చూసింది, కొడతానేమోనని. ఆ చూపు నేను మరిచిపోలేను. కొత్తకోట, జడ్చర్ల, షాద్‌నగర్... హైదరాబాద్ వచ్చేదాకా దాని తల నిమురుతూనే ఉన్నాను.

స్కానింగ్‌లో అనుమానం నిజమైంది. సెలైన్ ఎక్కించి, ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశారు. మూడోరోజు మజ్జిగన్నం తింది. బతికింది.

"తప్పు చేసిన ముఖం" ఉండదు!

అప్పట్లో నన్ను నేను సమర్థించుకోవడానికి ఒక మాట అనుకునేదాన్ని. "తప్పని దానికీ తెలుసు. లేకపోతే నన్ను చూడగానే ఆ ముఖం ఎందుకు పెడుతుంది?" అని. 2009లో న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీకి చెందిన అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు దీన్నే పరీక్షించి చూశారు. తినొద్దన్న తిండిని కుక్క తిన్నదా లేదా అన్నదానితో సంబంధం లేదట. యజమాని తిట్టినప్పుడే ఆ దొంగ ముఖం కనిపించిందట! ఏ తప్పూ చేయకున్నా సరే. అంటే అది పశ్చాత్తాపం కాదు, మన కోపానికి భయం. ఎప్పుడో పోసిన దానికి ఇప్పుడు కొడితే కుక్కకు అర్థమయ్యేది ఒక్కటే, "ఈ మనిషి దగ్గర జాగ్రత్తగా ఉండాలి" అని. తర్వాత మన కంటపడకుండా మంచం కింద, బీరువా సందులో పోస్తుంది. పని రెట్టింపు!

వాసన పోవాలంటే...

ఒకసారి పోసిన చోట వాసన మిగిలితే మళ్ళీ అక్కడికే వస్తుంది. ఫినాయిల్ ఘాటు మన ముక్కును ఏమారుస్తుందేమో గానీ, కుక్క ముక్కును కాదు. అమోనియా ఉన్న క్లీనర్లు అసలొద్దు. మూత్రం వాసనలోనూ ఉండేది అదే. ముందు పాతబట్టతో తడినంతా అద్ది తీసేయాలి, రుద్దకూడదు. తర్వాత మామూలు నీళ్ళు. ఆపైన ఎంజైములతో పనిచేసే క్లీనర్ పోసి, సీసా మీద రాసినంతసేపు వదిలేయాలి.

వెనిగర్ వాడమని చాలామంది చెబుతారు. మన పాత ఇళ్ళ షాబాద్ బండలు సున్నపురాయి జాతి. వెనిగర్, నిమ్మరసం పోస్తే నునుపు పోయి తెల్లమచ్చ పడుతుంది. పాలరాయికీ అంతే. నేను ఒక బండ పాడుచేసుకున్నాకే తెలిసింది!

ఎండిపోయిన మరకలు కనబడకపోతే, దుకాణాల్లో దొంగనోట్లు పట్టే నీలి లైటు ఉంటుంది చూడండి, చీకట్లో దాన్ని వేస్తే మూత్రం మరక మెరుస్తుంది. చీరల దుకాణం నుంచి అడిగి తెచ్చి వేసి చూస్తే మా హాల్లో ఐదు చోట్ల కనిపించింది.

ఇక గద్వాల చీర. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు కదా! మరకలు తీసే పొడుల్లోని ఎంజైములు పట్టును కూడా తినేస్తాయి, పట్టు కూడా మాంసకృత్తే కాబట్టి. వదిన చెప్పినట్టు వెంటనే చన్నీళ్ళలో జాడించి, నీడలో ఆరేసి, డ్రైక్లీనింగ్‌కు ఇచ్చాను. అంచు కాస్త వెలిసింది. ఆ చీర నేనే ఉంచుకున్నాను.

ఇప్పుడు...

బెల్లంకు తొమ్మిదేళ్ళు దాటాయి. ఏడాదిగా మళ్ళీ తడి చేస్తోంది, ఈసారి నిద్రలో. లేచేసరికి పక్క తడిసి ఉంటుంది, దానికే తెలియదు. గర్భసంచి, అండాశయాలు తీసేసిన కుక్కల్లో కొన్నిటికి మూత్రద్వారం బిగువు ఇలా సడలుతుందట. ఈసారి మాత్రం నేను కొట్టలేదు, కట్టేయలేదు. సీసాలో పొద్దుటి మూత్రం పట్టుకుని నేరుగా డాక్టరు దగ్గరికెళ్ళాను. ఇన్‌ఫెక్షన్, షుగర్ లేవని తేల్చి మందు రాశారు. చాలావరకు తగ్గింది. పక్క కింద ప్లాస్టిక్ షీటు, పైన ఉతకడానికి వీలైన పాత దుప్పటి వేస్తాను. పడుకునే ముందు ఒకసారి పెరట్లోకి తిప్పుతాను.

మొన్నొక రాత్రి ఆ దుప్పటి మారుస్తుంటే అత్తమ్మ వచ్చి పక్కన కూర్చున్నారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "దీనికంటే నోరు లేదు. నాకు నోరుండి గూడ చెప్పలే. రెండేండ్లాయె కోడలా, తుమ్మితే సాలు, దగ్గితే సాలు..." అన్నారు.

నాకు నోట మాట రాలేదు. పెళ్ళిళ్ళకు రానని ఎందుకు అనేవారో, తెల్లారకముందే చీర తడిపి ఎందుకు ఆరేసుకునేవారో, నీళ్ళు తక్కువగా ఎందుకు తాగేవారో అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. కుక్కకు నేను నీళ్ళు ఆపితే, ఆమె తనకు తానే ఆపుకున్నారు.

మర్నాడు లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కటి కండరాలు బిగించి వదిలే వ్యాయామం నేర్పారు, రోజూ చేస్తున్నారు. మొన్న ఆడపడుచు ఇంట్లో పేరంటానికి వెళ్ళి, చీకటిపడేదాకా ఉండి వచ్చారు. వచ్చీ రాగానే పెరటి తలుపు తీసి, "దా బెల్లం, నువ్వు గూడ పోయి రా" అన్నారు.

ఇవి గుర్తుంచుకోండి

• శుభ్రంగా ఉండే కుక్క ఉన్నట్టుండి ఇంట్లో పోస్తే ముందు డాక్టరుకు చూపించండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, రాళ్ళు, షుగర్, కిడ్నీ జబ్బు, స్టెరాయిడ్ మందులు... ఏదైనా కారణం కావచ్చు.

• రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతోందో కొలవండి. కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటితే అనుమానించాల్సిందే. పద్నాలుగు కిలోల కుక్క లీటరున్నర తాగుతోందంటే అది ఎండ వల్లే అని సరిపెట్టుకోకండి.

• నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఆపకండి.

• ఆడకుక్క ఎదకొచ్చిన తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ ఎప్పుడు మంచిదో డాక్టరును ముందే అడగండి.

• మాటిమాటికీ ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతుంటే, ముఖ్యంగా మగకుక్కల్లో, అది అత్యవసరం. తెల్లారేదాకా ఆగకండి.

• మగకుక్క గోడలకు, తలుపులకు కొద్దికొద్దిగా కాలెత్తి పోస్తుంటే అది హద్దులు గుర్తుపెట్టుకోవడం. మంచి నడక, ఆపరేషన్‌తో చాలా వాటిలో తగ్గుతుంది.

• పరీక్షకు పొద్దుటి మూత్రం శుభ్రమైన సీసాలో పట్టి వెంటనే తీసుకెళ్ళండి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో ఉంచండి.

• తడి తుడిచేటప్పుడు చేతులకు గ్లౌజులు వేసుకోండి. జబ్బున్న కుక్క మూత్రం నుంచి ఎలుక జ్వరం మనుషులకు రావచ్చు. కుక్కకు దీని టీకా వేయించండి.